ఊపిరి లెక్కపెట్టే తల్లులు

స్త్రీల ఆరోగ్యం గురించీ, స్త్రీలు చేసే లెక్కలోకి రాని చాకిరీ గురించీ ఈ పేజీల్లో చాలాసార్లు చర్చించుకున్నాం. ఈ రెండూ ముడిపడిన ఒక జీవితం గురించి మాత్రం దాదాపు మాట్లాడుకోలేదు. మూర్ఛ ఉన్న పిల్లల్ని పెంచుతున్న తల్లుల జీవితం అది. నేను పరిశోధకురాలిని, అలాంటి ఒక పాపకు తల్లిని కూడా. ఈ రెంటినీ విడదీసి రాయడం నాకు సాధ్యం కాదు, అవసరమనీ అనుకోను.

ఫిట్స్ అనీ, సొమ్మలనీ మనం పిలిచేది మెదడులోని విద్యుత్ ప్రసారంలో ఒక్కసారిగా పుట్టే అలజడి. ఒళ్ళు బిగుసుకుపోయే దశలో ఛాతీ కండరాలు కూడా బిగుసుకుంటాయి. అప్పుడు కొద్ది సెకన్లు ఊపిరి ఆగి పెదవులు నీలంగా మారతాయి. పసిపిల్లల్లో ఒక్కోసారి కాళ్ళూ చేతులూ కొట్టుకోకుండా ఊపిరి ఆగడమొక్కటే ఫిట్ లక్షణంగా కనిపించవచ్చు. మా పాపకు ఊపిరి ఆగినప్పుడు నేను సెకన్లు లెక్కపెడతాను. చాలాసార్లు ఇరవై లోపే ఊపిరి తిరిగొస్తుంది. కానీ ఆ లెక్క కోసం నాలుగేళ్ళుగా ప్రతి రాత్రీ ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. ఆ 'ఎవరో ఒకరు' ఎవరన్నదే ప్రశ్న.

2019లో ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే పురుషులు వెచ్చించింది 97 నిమిషాలు. ఇంట్లోవాళ్ళ సంరక్షణలో స్త్రీలవి 134 నిమిషాలు, పురుషులవి 76. నిద్రలో సగం చెవి పిల్ల ఊపిరి మీద వేసి పడుకున్న తల్లి రాత్రి ఏ పట్టికలోకి వస్తుంది? 'నిద్ర' అన్న గడిలోకే కదా! మా ఇంట్లో రాత్రి కాపలాను వంతులు వేసుకోవడానికి ఏడాదిన్నర వాదన జరిగింది. "నువ్వయితే తొందరగా లేస్తావు" అన్నది దానికి ఎదురైన తర్కం. తొందరగా లేవడం స్త్రీ స్వభావం కాదు, లేవక తప్పని స్థితిలో పెట్టడం వల్ల వచ్చిన అలవాటు.

చాకిరీతోపాటు నింద కూడా తల్లిదే. గ్రహణం నాడు కడుపుతో ఉండి బయటికి వచ్చిందనీ, మేనరికం వద్దన్నా చేసుకుందనీ, పిల్లకు గాలి సోకినా పట్టించుకోలేదనీ అంటారు. వాస్తవానికి కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, మెదడుకు సోకే ఇన్ఫెక్షన్లు, తలకు దెబ్బలు, జన్యు కారణాలు ఇలా ఎన్నో ఉంటాయి. చాలామందిలో కారణమే తెలియదు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉందనీ, సరైన వైద్యం అందితే 70 శాతం మంది దాకా ఫిట్స్ లేకుండా బతకగలరనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి ఇక్కడ దోషి తల్లి గర్భం కాదు. అందని వైద్యాన్ని ప్రశ్నించాలి.

కార్యకర్తలుగా మనం బస్తీల్లో, ఊళ్ళల్లో చెప్పవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. ఫిట్ వచ్చిన బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర బిగువు వదులు చేయాలి, గడియారం చూడాలి. నోట్లో చెంచా, వేళ్ళు, నీళ్ళు ఏవీ పెట్టకూడదు. నాలుక మింగడమన్నది జరగదు. చేతిలో తాళాలు పెట్టడం వల్ల, ఉల్లిపాయ వాసన చూపడం వల్ల ఫిట్ ఆగదు. ఐదు నిమిషాలు దాటితే, ఒకదాని వెంట ఒకటి వస్తే, ఫిట్ ఆగాక కూడా ఊపిరి సరిగా అందకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే గురించి, బిడ్డ బరువును బట్టి మోతాదు గురించి డాక్టరును ముందే అడిగి రాయించుకోవాలి. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టి నీలంగా మారే పసిపిల్లలది వేరే సమస్య. అది మూర్ఛ కాదు. అయితే ఆ తేడా తేల్చవలసింది డాక్టరే. ఫోన్‌లో తీసిన వీడియో అందుకు బాగా పనికొస్తుంది.

బిడ్డ ఆడపిల్లయితే దాచమనే ఒత్తిడి మొదటి రోజు నుంచే మొదలవుతుంది. "రేపు పెళ్ళి కావద్దా?" అంటారు. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలో మూర్ఛను ఉన్మాదం సరసన చేర్చి పెళ్ళికి అనర్హతగా పెట్టారు. 1999లో ఆ మాటను తొలగించారు. మూర్ఛ నయం కాని రోగమూ కాదు, మానసిక రుగ్మతా కాదు, దాన్ని చూపి విడాకులు అడగలేరని 2023లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం చెప్పింది. చట్టం మారినా పెళ్ళిచూపుల్లో భయం మారలేదు. దాచిన జబ్బుకు మందు కూడా దాచే వేసుకోవాలి. పూట తప్పిన మందు మళ్ళీ ఫిట్‌ను తెస్తుంది. మరో సంగతి కూడా ఉంది. పుట్టబోయే బిడ్డకు హాని చేస్తుంది కనుక పిల్లలు కనగల వయసున్న ఆడవాళ్ళకు వాల్ప్రోయేట్ మందు రాయవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ మందు వాడుతున్నవాళ్ళు తమంతట తాము ఆపేయకూడదు. అయితే డాక్టరును అడిగే హక్కు వాళ్ళకుంది.

బడి సంగతి చూద్దాం. మా పాపకు తరగతిలో ఒకసారి ఫిట్ వస్తే, "ఇంటి దగ్గరే చదివించుకోండమ్మా, మిగతా పిల్లలు భయపడుతున్నారు" అన్నారు. ప్రాథమిక విద్య పూర్తయ్యే దాకా ఏ బిడ్డనూ బడి నుంచి పంపేయడానికి వీల్లేదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ మాట నేను కాగితం మీద రాసి ఇవ్వగలిగాను. చదువురాని తల్లి, రోజుకూలీకి వెళ్ళే తల్లి ఏం చేయగలదు? బిడ్డతోపాటు ఆమె కూడా ఇంట్లో ఉండిపోతుంది, కూలీ పోతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో మూర్ఛకు విడిగా పేరు కూడా లేదు.

అందుకే మనం అడగవలసినవి సానుభూతి మాటలు కావు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఫిట్స్ మందులు ఏ నెలా ఆగకుండా ఉండాలి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించవలసిన జబ్బుల్లో ఫిట్స్ కూడా ఉన్నాయి. మన ఊరి బడికి ఆ బృందం వచ్చిందా, ఎవరినైనా ఆసుపత్రికి పంపిందా అని అడగాలి. ప్రతి టీచరుకూ, అంగన్‌వాడీ కార్యకర్తకూ ప్రథమ చికిత్స నేర్పాలి. వాళ్ళలో కూడా ఎక్కువమంది స్త్రీలే కనుక ఇది వాళ్ళ మీద మరో బరువు కాకుండా, పని గంటల్లోనే, జీతంతో నేర్పాలి. సంరక్షణ సెలవు ప్రభుత్వోద్యోగులకే పరిమితం కాకూడదు. ఇంట్లో మగవాళ్ళకు మందుల వేళలు, మోతాదులు, రాత్రి కాపలా తెలిసి ఉండాలి.

మన సంఘాల్లోనూ ఈ తల్లులు కనపడరు. సాయంత్రం మీటింగులకు రాలేరు, రాత్రి శిబిరాల్లో ఉండలేరు. వాళ్ళు రాలేదంటే ఆసక్తి లేదని అనుకోకుండా, మీటింగు వేళనూ చోటునూ వాళ్ళకు వీలుగా మార్చి చూడండి. మీ ప్రాంతంలో ఇలాంటి తల్లులు ఎంతమంది ఉన్నారో, మందు ఎక్కడ దొరుకుతోందో, ఏ బడి బిడ్డను వద్దందో వాళ్ళనే అడిగి రాసి పంపండి. వాళ్ళు ఒప్పుకుంటేనే పేర్లు రాయండి. వచ్చే సంచికలో ఈ చర్చను వాళ్ళ మాటలతోనే కొనసాగిద్దాం.