గుడిలో రక్ష, వాడలో క్షుద్రం

2023 ఏప్రిల్ 21న విడుదలైన 'విరూపాక్ష'ను హైటెక్ సిటీలోని ఒక మల్టీప్లెక్సులో చూశాను. కార్తీక్ వర్మ దండు దర్శకత్వం, సుకుమార్ స్క్రీన్‌ప్లే, అజనీష్ లోక్‌నాథ్ సంగీతం కలిసి ప్రేక్షకుణ్ణి కుర్చీలోంచి కదలనివ్వవు. భయపెట్టడంలో ఆ సినిమా నెగ్గింది. అయితే అది ఎవరిని చూసి భయపడమంటున్నదన్నది నా ప్రశ్న.

కథ 1979లో రుద్రవనం అనే ఊళ్ళో మొదలవుతుంది. పిల్లల మరణాలకు చేతబడే కారణమని నమ్మిన జనం ఒక జంటను సజీవంగా తగలబెడతారు. పుష్కర కాలానికి ఊరు వల్లకాడవుతుందన్న వారి శాపం 1991లో ఫలించడం మొదలవుతుంది. ఒక ఊరి సామూహిక నేరాన్ని వాణిజ్య చిత్రం తన కథకు మూలంగా నిలపడం మెచ్చదగినదే. కానీ ఆ వరుస మరణాలకు నిజంగానే క్షుద్రశక్తి కారణమని తేల్చాక మిగిలేదేమిటి? తగలబెట్టినవారి క్రూరత్వాన్ని తప్పుపట్టగలం గాని, వారి నమ్మకాన్ని తప్పుపట్టలేం. చేతబడితో మనిషిని చంపవచ్చునన్న భావన చెక్కుచెదరకుండా థియేటర్ నుంచి ఇంటికి వస్తుంది.

అదే ఊళ్ళో ఆలయ పూజారి అష్టదిగ్బంధనం విధిస్తాడు. ఎవరూ ఊరు దాటరాదు, బయటివారు లోపలికి రారాదు. ఊరంతా తల వంచుతుంది. కంటికి కనిపించని శక్తిపై నమ్మకం రెండుచోట్లా ఒక్కటే. గుడిలో జరిగితే దానిపేరు రక్ష, గుడి వెలుపల జరిగితే క్షుద్రం. ఈ తేడాను సినిమా కొత్తగా కనిపెట్టలేదు. ఎవరి మంత్రం పవిత్రమో, ఎవరి మంత్రం అనుమానాస్పదమో కుల సమాజం ఎన్నడో నిర్ణయించింది. శాస్త్రాల పవిత్రతపై విశ్వాసం కూలనిదే కులం కూలదని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో వాదించింది ఇందుకే.

ఈ మూఢత్వం పల్లెలకే పరిమితమని మాదాపూర్, గచ్చిబౌలి ప్రేక్షకులు అనుకుంటే పొరపాటు. అద్దాల భవనాల గుమ్మాలకు బూడిద గుమ్మడికాయలు వేలాడుతున్నాయి. దసరాకు కంప్యూటర్లకు కుంకుమబొట్లు పెడుతున్నారు. వాస్తు కుదరలేదని కోట్ల రూపాయల ఫ్లాట్లను వదులుకుంటున్నారు. వీటిని మనం సంప్రదాయం అంటాం. ఒక పేద కుటుంబం ఇంటి ముందు నిమ్మకాయలు కనిపిస్తే మాత్రం బాణామతి అంటాం. మొదటిదానికి గౌరవం దక్కుతుంది. రెండోదానికి ప్రాణం పోవచ్చు.

ఇది అతిశయోక్తి కాదు. 2019 సెప్టెంబరులో శామీర్‌పేట మండలం అద్రాస్‌పల్లిలో ఒక మహిళ మరణానికి బాణామతి కారణమని అనుమానించి, ఒక యువకుణ్ణి ఆమె చితిమీదే కాల్చేశారు. ఆ ఊరు అప్పుడు సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పరిధిలోనిదే. 2022 జనవరిలో జగిత్యాల తారకరామనగర్‌లో మంత్రాల నెపంతో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపింది ఎరుకల కులసంఘ సమావేశంలోనే. చంపినవారూ చనిపోయినవారూ ఒకే కులం కావచ్చు. దానితో కులం ప్రశ్న తొలగిపోదు. వైద్యం, చదువు, న్యాయం అందని వాడల్లో చావుకు కారణం చెప్పే డాక్టరు లేనప్పుడు, ఆ కారణాన్ని పొరుగింటివాడిలో వెతుక్కుంటారు. భూమి తగాదాలూ పాత కక్షలూ ఆ వెతుకులాటకు తోడవుతాయి.

సినిమా సినిమాయే కదా, ఇంత చర్చ ఎందుకని మిత్రులంటారు. దెయ్యాల కథలు రావద్దని నేను అనను. భయం గొప్ప కళాసామగ్రి. కానీ ఇక్కడ నిజంగా భయపెట్టవలసింది శాపం కాదు, అనుమానం చాలు మనిషిని కాల్చడానికి అనుకునే గుంపు. ఆ గుంపును కథ చివరిదాకా విడవకుండా వెంటాడే చిత్రం తెలుగులో ఇంకా రావలసి ఉంది.

అంతవరకూ ప్రభుత్వం ఆగనక్కర్లేదు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మూఢనమ్మకాల దురాచారాలపై ప్రత్యేక చట్టాలు చేశాయి. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ పని చేయలేదు. శాస్త్రీయ దృక్పథం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ(హెచ్) అధికరణ చెబుతోంది. ఆ చట్టం కోసం అడగవలసిన విద్యార్థి సంఘాలు ఈ సినిమాను తమ క్యాంపస్‌లలో ప్రదర్శించి, తర్వాత అద్రాస్‌పల్లి గురించి మాట్లాడాలి.