ట్రాన్స్‌ఫార్మర్ కాలితే తప్పు ఎవరిది?

నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మామిడి రైతు సోదరులారా,

పిందె గోలీ సైజుకొచ్చాక తడి ఆగితే ఏమవుద్దో మీకు నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా అప్పుడే గట్టు మీద ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోద్ది. మనం కరెంటోళ్లని తిడతాం. నన్నడిగితే అందులో సగం తప్పు మనది. కోపం రావచ్చు, కానీ పూర్తిగా చదవండి.

ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు థర్మల్ కేంద్రం లాంటి చోట తయారైన కరెంటు 400, 220, 132 కేవీ లైన్ల మీద వచ్చి, సబ్‌స్టేషన్లలో 33కి, తర్వాత 11కి దిగుద్ది. అంత ఓల్టేజి ఎందుకంటే, ఓల్టేజి పెరిగితే అదే పవర్‌కి ఆంపియర్లు తగ్గుతాయి. ఆంపియర్లు సగమైతే తీగలో నష్టం నాలుగో వంతే. అందుకే 11 కేవీ లైను మన తోటల దాకా లాగి, చాలా చోట్ల మూడు నాలుగు బోర్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. పద్ధతి మంచిదే. కాకపోతే చిన్నది కాబట్టి ఒక్క మోటారు ఎక్కువైనా తట్టుకోదు.

లెక్క చూడండి. 5 హెచ్‌పీ మోటారు కెపాసిటర్ లేకపోతే దాదాపు 6 కేవీఏ లాగుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద నాలుగు మోటార్లకే సరి. మనం ఐదోది తగిలిస్తాం, లేదా 5 పేరు చెప్పి ఏడున్నర దించుతాం. అదనపు లోడుకి డబ్బు కట్టాలని దాచేస్తాం. కాగితం మీద నాలుగు మోటార్లే ఉంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఎట్టా శాంక్షన్ అవుద్ది?

ఇక ఆటో స్టార్టర్లు. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కోటి ఆరేడు రెట్లు ఆంపియర్లు లాగుద్ది. ఫ్యూజు పోద్ది. ఎవరో ఒకరు లావు తీగ చుట్టేస్తారు. ఈసారి ఫ్యూజు పోదు, లోపల కాయిలే పోద్ది.

2004 నుంచి మనకు కరెంటు బిల్లు లేదు, నిజమే. మోటారు రీవైండింగ్ బిల్లు మనదే, రాలిన కాయా మనదే.

మన సగం మనం చేస్తే వాళ్ల సగం గట్టిగా అడగొచ్చు. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్ 48 గంటల్లో మార్చాలని రూలుంది. 1912కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు రాసుకోండి. ఎంత ఆలస్యమైనా మీరు మాత్రం స్తంభం ఎక్కొద్దు. ఏబీ స్విచ్ దించాం కదా అని ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు, లైన్‌మన్ రావాల్సిందే.

పూత మొదలయ్యే లోపే ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ కింద రైతులంతా ఒకచోట కూర్చోండి. ఉన్న మోటార్లన్నీ ఉన్నట్టు రాయించండి. ప్రతి మోటారుకి కెపాసిటర్ పెట్టండి, ఆటోలు తీసేయండి, వంతులేసుకుని ఆన్ చేయండి.

మీ గట్టు మీద ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏ, దాని మీద నిజంగా ఎన్ని మోటార్లున్నాయో కింద రాయండి. దాచకుండా రాయండి.