బొమ్మ ముఖానికీ ఒక పలక కావాలి

"తెలుగు పండితులై ఉండి, ఈ వయసులో ఆ విదేశీ రెజిను బొమ్మలకు కన్నూ ముక్కూ దిద్దుకుంటూ కూర్చోవడమేమిటండీ? చేతనైతే మన కొండపల్లి బొమ్మను గురించి నాలుగు మంచి మాటలు వ్రాయరాదా?" అని ఇద్దరు ముగ్గురు మిత్రులు నన్ను మందలించారు. వారిలో ఒకరు మరొక అడుగు ముందుకు వేసి, "కన్ను దిద్దడం నేర్పితే వచ్చే విద్య కాదు, అది రక్తంలో ఉండాలి" అని తీర్పు కూడా చెప్పారు. మందలింపుకు నేను నొచ్చుకోలేదు. ఆ తీర్పును మాత్రం ఊరక పోనివ్వలేను. ముప్పది ఏళ్ళకు పైగా గుడివాడ ప్రాంతపు బడులలో తెలుగు చెప్పినవాడిని. "వీడికి రాదు" అనే మాట ఎక్కడ పుడుతుందో, అది ఎవరికి సుఖమో నాకు బాగా తెలుసు.

నా వాదం ముందే చెప్పేస్తాను. బొమ్మల కళ అంతరించిపోతున్నదని వాపోయేవారే, కొత్తగా నేర్చుకొనే చేతికి బొమ్మ ముఖాన్ని అందనివ్వడం లేదు. అక్షరం నేర్చే పిల్లవానికి పలక ఎటువంటిదో, ముఖం దిద్దడం నేర్చేవారికి తుడిచి మళ్ళీ దిద్దుకొనే వీలున్న ముఖం అటువంటిది. ఈ రోజు ఆ పలక పని రెజిను తల చేస్తున్నది. దానిని ఈసడించేవారు తెలిసో తెలియకో బడి తలుపు మూస్తున్నారు.

ఈ బొమ్మ సంగతి తెలియని మిత్రులకోసం రెండు మాటలు. జపానులోని వోక్స్ అనే సంస్థ 1999లో 'సూపర్ డాల్ఫీ' పేరుతో ఒక బొమ్మను తెచ్చింది. పాలీయురేథేను రెజినును మూసలో పోసి చేసిన అవయవాలు, గుండ్రని కీళ్ళు, లోపల వాటిని బిగించి ఉంచే సాగే త్రాడు. ఆ తరువాత కొరియా, చైనాలలోనూ ఇటువంటి బొమ్మలు చేసేవారు బయలుదేరారు. వీటి విశేషమేమిటంటే, కోరుకున్నవారికి ముఖం బోసిగానే ఇస్తారు. కనుబొమ లేదు, రెప్ప వెంట్రుక లేదు, పెదవికి రంగు లేదు. కొన్నవారు తామే దిద్దుకుంటారు, లేదా చేయి తిరిగినవారికి డబ్బిచ్చి దిద్దించుకుంటారు. ఆ పనిని వాళ్ళు 'ఫేసప్' అంటారు. నేను ముఖం దిద్దడం అంటాను.

నేర్చుకొనే క్రమం ఇది. తలను సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. నిగనిగలాడని వార్నీషును పలుచగా స్ప్రే చేయాలి. రంగు పట్టుకొనేది ఆ గరుకు పొర మీదనే. ఎండు పాస్టెల్ సుద్దను బ్లేడుతో గీకి, ఆ పొడిని మెత్తని కుంచెతో బుగ్గలకూ కనురెప్పలకూ ముక్కు పక్కలకూ అద్దాలి. ఒక పొర అయ్యాక మళ్ళీ వార్నీషు, ఆపైన మరొక పొర. తరువాత నీటిరంగు పెన్సిలుతోనో, నీరు కలిపిన యాక్రిలిక్ రంగుతోనో కనుబొమలలో వెంట్రుకలు ఒక్కొక్కటే లాగాలి. చివరకు పెదవుల మధ్య గీత. ఇందులో ఎక్కడ చేయి వణికినా అప్పటికి వేసిన పొరనే తుడుచుకోవచ్చు. పెన్సిలు గీత అయితే తడి దూది చాలు. మొత్తం నచ్చకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిస్తే ముఖం మళ్ళీ బోసిగా వస్తుంది. గోళ్ళరంగు తుడిచే అసిటోనును మాత్రం దగ్గరకు రానివ్వకూడదు, అది రెజినునే తినేస్తుంది.

ఇందులో అసలు కష్టం మొదటి కనుబొమ కాదు, రెండవది. కుడిచేతివాటం వారికి ఒక పక్క గీత సుళువుగా వస్తుంది, రెండవ పక్క ఎదురు తిరుగుతుంది. అందుకే బొమ్మను తలక్రిందులుగా పట్టుకొని గీయడం, అద్దంలో చూసి పోల్చుకోవడం నేర్చుకోవాలి. దివిసీమలో మా బంధువుల ఊరికి సెలవులలో వెళ్ళినపుడు నలుగురు పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టి నేర్పుతున్నాను. వారిలో ఎనిమిదవ తరగతి పిల్ల ఒకే తలను ఏడుమార్లు తుడిచింది. ఎనిమిదవ మారు రెండు కన్నులూ ఒకే వైపు చూశాయి. "మాస్టారూ, ఇది నన్నే చూస్తోంది" అన్నది. ఆ ఏడు తుడుపులకూ అయిన ఖర్చు కొంచెం దూది, రెండు చెంచాల ఆల్కహాలు. ఆ పిల్ల రక్తంలో ఏమున్నదో నేను పరీక్ష చేయించలేదు.

ఇప్పుడు కొండపల్లికి వద్దాం. 2022లో జిల్లాలను విడదీసినపుడు కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది గాని, బందరువారి సంక్రాంతి బొమ్మల కొలువులో నుంచి వెళ్ళలేదు. అక్కడి ఆర్యక్షత్రియ కుటుంబాలవారు తెల్లపొణికి కర్రను కాక చూపి తేమ పోగొట్టి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురూ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఆపైన సున్నపు పూత, ఆపైన మేకవెంట్రుకల కుంచెతో రంగులు. అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కే గీతకార్మికుడు, దశావతారాలు... ఏ బొమ్మలోనైనా ప్రాణం వచ్చేది ముఖంలోనే. ముఖం కుదరకపోతే అంతకుముందు చెక్కినవాని శ్రమ, అతికినవాని శ్రమ అంతా వ్యర్థం.

మరి అటువంటి ముఖాన్ని కొత్త చేతికి ఎవరు అప్పగిస్తారు? ఆ బొమ్మ అమ్ముడుపోతేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కర్రే దొరకడం కష్టమైన రోజులలో నేర్చుకొనేవాని తప్పులకు పొణికి ముక్కలు బలి ఇవ్వమని అడగడం అన్యాయం. పైగా సున్నపు పూత రంగును పీల్చుకుంటుంది, తుడవబోతే పూతే చెడుతుంది. కనుక కొత్తవానికి దక్కేది చీరకు రంగు, ఏనుగు కాలికి రంగు, తాటిచెట్టుకు రంగు. ఏళ్ళ తరబడి అంచులు దిద్దినవాడు ముఖం దాకా రాకముందే వేరే కొలువు వెదుక్కుంటే, "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అని మనం పత్రికలలో కన్నీరు కారుస్తాం. ఆ కుటుంబాలవారిని నేను తప్పుపట్టను. తప్పంతా పలక ఇవ్వకుండా చేతివ్రాతను నిందించే మనబోటివారిది.

"కన్ను రక్తంలో రావాలి" అన్న మిత్రునికి శాస్త్రంతోనే సమాధానం చెబుతాను. విష్ణుధర్మోత్తర పురాణం మూడవ ఖండంలో చిత్రసూత్రమున్నది, మార్కండేయుడు వజ్రునికి చెప్పినది. అందులో కన్నులను ఆకారాన్ని బట్టి అయిదు విధాలుగా విభజించారు. విల్లువంటి కన్ను యోగధ్యానంలో ఉన్నవారికి, చేపకడుపువంటి కన్ను స్త్రీలకూ కాముకులకూ, కలువరేకు వంటిది నిర్వికారులకు, తామరరేకు వంటిది భయపడినవారికీ విలపించేవారికీ. అయిదవది కోపం, వేదన చూపడానికి. కన్ను పుట్టుకతో మాత్రమే వచ్చేదయితే ఇంత విభాగం ఎందుకు, ఇంత సూత్రం ఎందుకు? సూత్రం ఉన్నదంటే నేర్చుకొనేవాడు ఉన్నాడనే అర్థం. వ్యాకరణం ఎవరికోసం వ్రాస్తారో పండితులకు నేను వేరే చెప్పాలా?

"దేవతామూర్తికి నేత్రోన్మీలనం చివరన, స్థపతి చేతనే జరగాలి కదా" అనవచ్చు. నిజమే. అది ప్రతిష్ఠకు సంబంధించిన విధి. కొలువులో పెట్టే గొల్లభామకూ, బడిపిల్ల చేతిలోని బొమ్మ తలకూ ఆ విధిని అంటగట్టి పిల్లలను భయపెట్టడం భక్తి కాదు.

కళను గడప దాటిస్తే చెడిపోతుందన్న భయానికి మన కృష్ణాతీరంలోనే జవాబున్నది. కూచిపూడి నాట్యం కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవారిదిగా ఉండేది, స్త్రీవేషాలు సైతం వారే కట్టేవారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు స్త్రీలకు నేర్పారు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి వచ్చినవారికల్లా నేర్పారు. కూచిపూడి అంతరించిందా? మొవ్వ పక్కనున్న ఒక చిన్న అగ్రహారం పేరు ప్రపంచమంతటా పలుకుతున్నది. ఇంకా వెనక్కు వెళితే, మా బందరులోనే 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ప్రభృతుల పూనికతో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. బంగాళం నుంచి వచ్చిన ప్రమోదకుమార ఛటోపాధ్యాయుల వద్ద అక్కడ చిత్రకళ నేర్చిన అడివి బాపిరాజు, తరువాత ఆ కళాశాలకే అధ్యక్షులయ్యారు. ఆయన చిత్రించిన ముఖాలలో తెలుగుదనం ఉన్నదంటారే గాని, వంగదేశపు గురువు నేర్పాడు గనుక అది మనది కాదని ఎవరైనా అన్నారా?

ఇక "రెజిను అచ్చమైనది కాదు, నకిలీ" అన్న ఆక్షేపణ. ఈ మాట బందరులో నిలబడి అనగలరా? చిలకలపూడి రోల్డుగోల్డు నగ ఎన్ని పెళ్ళిళ్ళలో పరువు నిలిపిందో ఎవరికి తెలియదు? అది బంగారం కాదని అందరికీ తెలుసు. అయినా దాన్ని చేసే చేతిలో పనితనం లేదని ఎవరూ అనరు. కలంకారీలో 'కలం' అంటేనే లేఖిని. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మా బందరు, పెడనలలో చెక్క అచ్చులతో అద్దుతారు. అచ్చు పడింది గనుక ఇది కలంకారీ కాదని పెడన వెళ్ళి చెప్పి రండి చూద్దాం. పదార్థం మారితే కళ మైలపడదు. చేయి మొద్దుబారితే మాత్రం చచ్చిపోతుంది.

"ఇవి కొండపల్లివారి పొట్ట కొడతాయి" అన్నది మరొక భయం. నా అనుభవం దీనికి విరుద్ధం. ఒక్కసారి కనుబొమ దిద్దడానికి ప్రయత్నించినవారు అంగట్లో కొండపల్లి బొమ్మను తిప్పి చూసి బేరమాడలేరు. గోరంత ముఖం మీద, తుడుచుకొనే వీలు లేని పూత మీద, ఒక్క విసురుతో కన్ను దించిన చేతికి ఎంత ఇవ్వాలో వారికి తెలుస్తుంది. పొట్ట కొడుతున్నది బేరమాడే మనమే. "అమ్మో, ఇంత చిన్న బొమ్మకు అంతా!" అనే మనమే.

ఇంతకంటె ముఖ్యమైన మాట ఒకటున్నది. రెజిను బొమ్మల లోకంలో మూస చేసినవారి పేరు వేరు, ముఖం దిద్దినవారి పేరు వేరు. దిద్దినవారికి విడిగా ప్రతిఫలమిస్తారు, బొమ్మను చూపేటపుడు వారి పేరు చెబుతారు. మన ఇళ్ళలో తరతరాలుగా కొలువు తీరిన బొమ్మలలో ఒక్కదానికైనా కన్ను ఎవరు దిద్దారో చెప్పగలమా? మొగవాడు చెక్కితే ఇంటి ఆడవాళ్ళు రంగు వేసిన బొమ్మలెన్ని లేవు! ఆ తల్లుల పేర్లు ఏ పెట్టె మీదా ఉండవు. 'కొండపల్లి' అన్న ఊరిపేరును కాపాడుకుంటే చాలదు, ఆ ఊళ్ళో కుంచె పట్టిన చేతి పేరు కూడా పలకాలి. ఈ ఒక్క మర్యాద పరాయివారి దగ్గర నేర్చుకుంటే మన పరువేమీ పోదు.

రెజినుకు దోషాలు లేవని నేను అనను. జపాను బొమ్మ పూర్తిగా కొనాలంటే పదుల వేల రూపాయలు. అది మనకు అక్కరలేదు, నేర్చుకోవడానికి ఉత్త తల చాలు. మా మనుమరాలు అమెరికా నుంచి తెచ్చి ఇచ్చినవి రెండే తలలు, వాటి మీదనే నలుగురు పిల్లలు దిద్దుకుంటున్నారు. రెజినును గరుకు కాగితంతో రుద్దితే లేచే పొడి ఊపిరితిత్తులకు చేటు. తడిపి రుద్దాలి, మాస్కు కట్టుకోవాలి. వార్నీషు స్ప్రే పెద్దవారే చేయాలి, అదీ గాలి ఆడే చోట. తొలకరి ముసురులో, మా బందరు ఉప్పుగాలిలో తేమ హెచ్చుగా ఉన్న పూట స్ప్రే చేస్తే పూత తెల్లగా పొగచూరినట్లు వస్తుంది. ఎండలో పెడితే రెజిను పసుపెక్కుతుంది. పలక కూడా పగులుతుంది కదా! అందుకని పలకను నిషేధిస్తామా?

రెజిను తల మీద నేర్చిన చేయి అక్కడే ఆగిపోవాలని నేను కోరను. పలక మీద దిద్దినవాడు కాగితానికి రావలసిందే. ఆ ఎనిమిదవ తరగతి పిల్ల చేతికి స్థిరం వచ్చాక, సంక్రాంతికి ముందు కొండపల్లి తీసుకువెళ్ళి, రంగు వేయని పొణికి బొమ్మ ఒకటి న్యాయమైన ధరకు కొని, ఆ ఇంటి పెద్దల ఎదుట కూర్చోబెట్టి కన్ను దిద్దించాలని నా సంకల్పం. వారు తప్పు చూపితే అది ఆ పిల్లకు దీవెన.

మిత్రులారా, మీలో చాలామంది ఇళ్ళలో మనుమలు, మనుమరాండ్రు సెలవులకు వస్తారు. కళ చచ్చిపోతున్నదని మరొక టపా వ్రాసే ముందు, వారి చేతికి ఒక బోసి ముఖం, ఒక సన్నని కుంచె, గుప్పెడు దూది ఇవ్వండి. రెజిను గిట్టకపోతే నున్నని గులకరాయి ఇవ్వండి, బోర్లించిన పింగాణీ కప్పు ఇవ్వండి. తుడిచి మళ్ళీ దిద్దుకొనే వీలుంటే చాలు. మొదటి కన్ను మెల్లకన్నే అవుతుంది. నవ్వకండి. దూది అందించండి.