నడిసంద్రమున మాట వినిపింపవలెనన్న

2017 సెప్టెంబరు 10వ తేదీన గోవానుండి బయలుదేరి, తారిణి యను 55 అడుగుల తెరచాప నౌకపై భూగోళమును చుట్టి, 2018 మే 21వ తేదీన మరల గోవా చేరిన ఆర్గురు నావికాదళ వనితలలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదునకు చెందిన ఐశ్వర్యయు నుండుట తెలుగువారెల్లరకు గర్వకారణము. అట్టి యాత్రలను గూర్చి వినునపుడు మనము తెరచాపలను, తరంగములను తలంతుము గాని, తీరమునకు వందలకొలది మైళ్ల దూరమున నున్న పడవనుండి మనుష్యవాక్కు ఏ మార్గమున ఒడ్డు చేరునో, ఆ మార్గమును వాడుకొనుటకు ఎట్టి విద్యయు ఎట్టి అనుమతియు వలయునో విచారించువారు అరుదు. ఈ విద్య మన తీరమున ప్రతి రేవునందును బోధింపబడవలెనని నా దృఢాభిప్రాయము.

మన మరబోట్లయందు సాధారణముగా నుండు వీహెచ్‌ఎఫ్ సెట్టు మిక్కిలి ఉపయోగకరమైనదే. హార్బరు చొచ్చునపుడును, ఎదురువచ్చు ఓడను పిలుచునపుడును, 16వ చానలుపై ఆపదను చాటునపుడును అది చేతికందిన సాధనము. కాని దాని తరంగములు ఇంచుమించు సరళరేఖలోనే పయనించును గనుక, ఎత్తైన స్తంభము గల తీరకేంద్రముతో 20, 30 నాటికల్ మైళ్లవరకును, రెండు చిన్న పడవల నడుమ అంతకంటె చాల తక్కువ దూరమువరకును మాత్రమే మాట సాగును. 3 మొదలు 30 మెగాహెర్ట్‌జులవరకు గల హెచ్‌ఎఫ్ తరంగములు అట్లుగాక, సూర్యకిరణములచే విద్యుదావేశము నొందిన పైవాయువుల పొరను, అనగా అయనోస్ఫియరును తాకి, వంగి, మరల భూమికి దిగివచ్చును. అందుచే బ్యాటరీతో నడచు 100 వాట్ల సెట్టునుండి పలికిన మాట వేయి, రెండువేల కిలోమీటర్ల యవతల వినబడగలదు. ఐతే ఆ పొర పగలొక తీరున, రేయి మరొక తీరున నుండును. పగటివేళ 12, 16 మెగాహెర్ట్‌జుల చెంత దూరదేశములకు పోయిన పలుకు రాత్రి మూగవోవచ్చును. అప్పుడు 4, 6 మెగాహెర్ట్‌జులకు దిగిరావలెను. ఏ వేళకు ఏ తరంగమో ఎరుగుటయే ఈ విద్యకు ప్రాణము.

ఈ శాస్త్రము మనకు పరాయిది కాదు. వాల్తేరులో సముద్రమునకు చేరువనే నెలకొన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఆచార్య బి. రామచంద్రరావుగారు ఈ అయనోస్ఫియరునే పరిశోధించి విఖ్యాతి నార్జించిరి. అంతటి విజ్ఞానము వర్ధిల్లిన యూరినుండి చేపల వేటకు వెడలు సరంగునకు దాని ఫలమును అందించుట మన విద్యావంతుల ధర్మము.

యంత్రమును కొని పడవలో బిగించినంతనే దానిపై మాటలాడు హక్కు కలుగదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము మొదలు, దాని స్థానము నాక్రమించిన 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టమువరకు, ప్రసారయంత్రమునకు ప్రభుత్వానుమతి యుండవలెననుట మన శాసనము. ఇందు రెండు త్రోవలు గలవు. మొదటిది నౌకాయానమునకై ప్రత్యేకింపబడిన తరంగముల త్రోవ: నౌకకు స్టేషను లైసెన్సును, నౌకను గుర్తించుటకై 419తో మొదలగు తొమ్మిదంకెల ఎంఎంఎస్‌ఐ సంఖ్యయు, యంత్రమును నడుపువానికి యోగ్యతాపత్రమును వేర్వేరుగా వలయును. రెండవది హామ్ రేడియో, అనగా అభిరుచికై నడపు రేడియో త్రోవ: 12 ఏండ్లు నిండినవారెవరైనను విద్యుత్తును గూర్చిన మూలసూత్రములయందును, నియమావళియందును పరీక్ష నిచ్చి రెస్ట్రిక్టెడ్ గ్రేడును, నిమిషమునకు 8 మాటల వేగమున మోర్సు సంకేతములు పంపను, గ్రహింపను గూడ నేర్చి జనరల్ గ్రేడును పొందవచ్చును. ఓడపైనుండి పలుకునపుడు కెప్టెను అనుమతి గైకొని, తన కాల్‌సైను చివర మారిటైమ్ మొబైల్ అని చేర్చవలెను. ఒక త్రోవ లైసెన్సు రెండవదానికి చెల్లదు. హామ్ తరంగములపై చేపల ధర మాటలాడుటగాని, వ్యాపారము నడపుటగాని నిషిద్ధము.

ప్రాణాపాయవేళ ఎవరైనను, ఏ తరంగముపైనైనను సహాయము కోరవచ్చునని అంతర్జాతీయ రేడియో నియమావళియే యంగీకరించుచుండగా ఈ పరీక్షల ప్రయాస యేల యని కొందరడుగుదురు. ఆ నియమము ఉదాత్తమైనదే. కాని చట్టము హక్కు నీయగలదే గాని నేర్పు నీయజాలదు. గాలి యెత్తి, నీరు లోనికి చొచ్చుచు, చేతులు వణకు వేళ, ఏ తరంగముపై పిలువవలెనో ఎరుగుటయు, మేడే యని ముమ్మారు పలికి, నౌక పేరు, అక్షాంశ రేఖాంశములు, ఆపద స్వభావము, పడవలోని జనసంఖ్య క్రమము తప్పక చెప్పుటయు, పూర్వాభ్యాసము లేనివానికి సాధ్యము కాదు. ఆ యభ్యాసమును ముందుగా చేయించునదే పరీక్ష.

ఉపగ్రహయుగమున రేడియో యేల యనువారును గలరు. ఉపగ్రహ సాధనముల మేలును నేను కాదనను; 2018 సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రమున తెరస్తంభము విరిగి, వెన్ను దెబ్బతిని, కదలలేక పడియున్న భారత నావికుడు అభిలాష్ టోమీ స్థితి లోకమునకు తెలిసినది ఉపగ్రహ సందేశములచేతనే. ఐనను ఉపగ్రహ ఫోను ఒక సంఖ్యకే పలుకును. రేడియో పిలుపు ఆ తరంగమును వినుచున్న ప్రతి నౌకకును చేరును. మన దేశమున అనుమతి లేక అట్టి ఫోను కలిగియుండుటయే నేరము. కావున ఒకదానికి రెండవది తోడు కావలెను. స్తంభముతోపాటు యాంటెన్నా కూలునని తలచి, వేరొక తీగను సిద్ధముగా నుంచుకొనవలెను.

హెచ్‌ఎఫ్ మహిమకు 2004 సాక్ష్యము. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచూర్ రేడియో పక్షమున భారతీప్రసాద్ బృందము పోర్ట్‌బ్లెయిరునుండి హామ్ ప్రసారములు సాగించుచుండగా, డిసెంబరు 26న సునామీ విరుచుకుపడెను. టెలిఫోనులు మూగవోయినపుడు, విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున నున్న ఆ ద్వీపములనుండి బాధితుల వార్తలను దేశమునకు చేరవేసినది ఆ బృందమే. ఆపదకు ముందే లైసెన్సును, అభ్యాసమును వారికి గలవు గనుకనే అది సాధ్యమయ్యెను.

ఈ విద్య నారంభింపగోరువారు మొదట వినుట నేర్వవలెను. వినుటకు మాత్రము చవుకయగు రిసీవరొకటి చాలును. కొన్ని మాసములు విన్నచో పగటి, రాత్రి తరంగముల నడకయు, మాటలాడు మర్యాదయు తమంత తాము పట్టువడును. పిమ్మట పరీక్ష, ఆ పిమ్మటనే సెట్టు. పడవపై సెట్టు వెలకన్న యాంటెన్నా పొడవు, ఉప్పునీటికి చేరు రాగిపట్టీ ఎర్తు, ఇంజను ఆగినను కొంతకాలము నిలుచు బ్యాటరీ ముఖ్యములు. ఇవి సరిగా లేనిచో ఎంత ఖరీదైన యంత్రమైనను నిష్ప్రయోజనము.

ప్రభుత్వమునకు నా విన్నపము: విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్నము, నిజాంపట్నములలో ఏటేట తెలుగు బోధనతో రేడియో తరగతులు నడిపి, పరీక్షను ఆ రేవులలోనే పెట్టవలెను. తీరగ్రామముల యువకులకును, యువతులకును నా మాట: సముద్రము మీకు కొత్త గాదు, ఈ పరీక్షయు మీకు అసాధ్యము గాదు. లైసెన్సు చేతికి వచ్చిన పిదపనే దూరసముద్రమునకు పడవను త్రిప్పుడు.