మా తలుపు మీద ఏడు చుక్కలు

జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

మా ఎనిమిదో తరగతిలో ఈ ఏడాది చూపు లేని పాప చేరింది. బడిని ఆమెకు పరిచయం చేసింది తోటి పిల్లలే. గది నుంచి కుళాయి దాకా వరండా వెంట కొబ్బరి తాడు కట్టారు. మలుపు దగ్గర ఒక ముడి, మెట్ల దగ్గర రెండు. తలుపు మీద జిగురు చుక్కలతో బ్రెయిలీలో తరగతి అంకె వేశారు. అంకె గుర్తుకు నాలుగు, ఎనిమిదికి మూడు, మొత్తం ఏడు చుక్కలు. ఆరాక పాప వేలితో తడిమి "ఎనిమిది" అనగానే గదంతా ఒకటే కేరింత! బోర్డు మీద రాసింది నేను పైకి చదవకపోతే ఇప్పుడు వాళ్లే గుర్తుచేస్తున్నారు.

పాఠ్యపుస్తకాలు మాత్రం పిల్లలు తయారుచేయలేరు కదండీ. దసరా దగ్గరపడింది, బ్రెయిలీ పుస్తకాలు ఇంకా రాలేదు. 18 ఏళ్ల దాకా పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమే చెబుతోంది. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో చూపు లేకుండా పుట్టిన పారిశ్రామికవేత్త బొల్లా శ్రీకాంత్, ఇంటర్‌లో సైన్సు చదవడానికే పోరాడాల్సి వచ్చింది. మా పాపకు ఆ అవస్థ వద్దు. పుస్తకాలతో పాటు తడిమి చూసే సైన్సు పటాలూ సెలవులు ముగిసేలోగా పంపించండి.

పక్కన కూర్చునే అమ్మాయి రోజూ ఆమెకు పాఠాలు చదివి వినిపిస్తోంది. ఆ పిల్లకూ తన చదువు ఉంది.

ఇట్లు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు