డిగ్రీ ఉన్నా నర్సింగ్‌కి మళ్లీ మొదటినుంచేనా?

"అత్తా, నేను నర్సింగ్‌లో చేరదామనుకుంటున్నా. నువ్వేమంటావ్?"

మా ఆడపడుచు కూతురు ఈ మాట అడిగినప్పుడు నేను పోపు వేస్తున్నాను. చేతిలో గరిట చేతిలోనే ఉండిపోయింది. దానికి ముప్ఫై రెండేళ్లు. బీకాం ప్యాసై, అమీర్‌పేటలో ఒక ఆఫీసులో పదేళ్లుగా లెక్కలు రాస్తోంది. ఆరేళ్ల బాబున్నాడు. ఇప్పుడు నర్సింగేమిటి?

కారణం లేకపోలేదు. పోయినేడు వాళ్ల నాన్న ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. రాత్రిళ్లు ఇదే తోడుగా పడుకునేది. మిగతా వాళ్లందరం రక్తం చూస్తే మొహం తిప్పుకున్నాం. ఇది మాత్రం సిస్టర్ పక్కన నిలబడి ఏ మందు ఎందుకు, ఏ గొట్టం ఎక్కడికని అడిగి తెలుసుకునేది. "పదేళ్లు లెక్కలు రాశాను, ఒక్కరోజు కూడా నా పని వల్ల ఒకరికి నొప్పి తగ్గిందనిపించలేదత్తా" అంది. పైగా ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేరు వచ్చాక లెక్కలు రాసేవాళ్లని ఒక్కొక్కరినే తగ్గిస్తున్నారట.

ఇంకో కారణం మా పై వాటాలో ఉంది. వాళ్లమ్మాయి ఇక్కడ బీటెక్ చదివి, పెళ్లయి అమెరికా వెళ్లింది. అక్కడ ఏడాదిన్నర కోర్సు చేసి ఇప్పుడు రిజిస్టర్డ్ నర్సు. "ఇంజనీరు ఏడాదిన్నరలో నర్సయితే, బీకాం వాళ్లకి మన దగ్గర ఎంతకాలం పడుతుంది?" అని మా పిల్ల ప్రశ్న. సరే, తెలుసుకుందామని ఇద్దరం బయల్దేరాం.

ఆరు నెలల బోర్డు

మేముండేది ఖైరతాబాద్ వైపు. సోమాజిగూడలో ప్రభుత్వ నర్సింగ్ కాలేజీ, పంజగుట్టలో నిమ్స్ వారి నర్సింగ్ కాలేజీ రెండూ మాకు దగ్గరే. కానీ ముందుగా కంటపడేది అమీర్‌పేట బోర్డులే కదా! కంప్యూటర్ కోర్సుల బోర్డుల నడుమ "ఆరు నెలల్లో నర్సింగ్, ఉద్యోగం గ్యారంటీ" అన్నది ఒకటి కనిపించింది. మెట్లెక్కాం.

ఫీజు సంగతి గడగడా చెప్పాడు కుర్రాడు. "ఈ సర్టిఫికెట్‌తో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అవుతుందా బాబూ?" అని అడిగాను. "హాస్పిటల్ వాళ్లు అవేమీ అడగరు మేడమ్" అన్నాడు. అడగరో లేదో తర్వాత సంగతి. రిజిస్ట్రేషన్ లేకుండా నర్సు అనిపించుకోవడానికి వీల్లేదు. ఆరు నెలల శిక్షణతో రోగులకి సాయపడే అసిస్టెంటు పని దొరకొచ్చు. అదీ గౌరవమైన పనే, కాదనను. కానీ ఆ సర్టిఫికెట్‌తో ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టుకి దరఖాస్తు పెట్టలేం, విదేశాలకి నర్సుగా వెళ్లలేం. ఈ తేడా చెప్పకుండా డబ్బు కట్టించుకోవడమే తప్పు. చిన్న ఊళ్లలోనూ ఇలాంటి బోర్డులు చూస్తూనే ఉన్నాం. కాబట్టి అమ్మాయిలూ, ఎక్కడ చేరినా మొట్టమొదట అడగాల్సింది ఆ ఒక్క ప్రశ్నే.

నిబంధనలు ఏమంటున్నాయి?

మన దేశంలో నర్సు కావడానికి ఉన్న దారులు ఇవీ. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి. సైన్సు సబ్జెక్టులు కలిపి 45 శాతం మార్కులు రావాలి. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి 40 శాతం చాలు. జీఎన్ఎం మూడేళ్లు. సైన్సు వాళ్లకి ప్రాధాన్యం ఉన్నా, ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా ఫరవాలేదు. మొత్తంలో 40 శాతం, ఇంగ్లీషులో 40 శాతం ఉంటే చాలు. ఏఎన్ఎం రెండేళ్లు. ఊళ్లలో ఆరోగ్య ఉపకేంద్రాల్లో మనం చూసే నర్సమ్మల చదువు అది. జీఎన్ఎం చేసి రిజిస్టరైన వాళ్లు ఇంకో రెండేళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివి డిగ్రీ తెచ్చుకోవచ్చు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం బీఎస్సీకైనా జీఎన్ఎంకైనా చేరేనాటికి 17 ఏళ్లు నిండాలి, 35 దాటకూడదు.

ఇందులో మా పిల్ల ఎక్కడుంది? ఇంటర్ సీఈసీ కనుక బీఎస్సీ దారి మూసుకుపోయింది. జీఎన్ఎం ఒక్కటే మిగిలింది. అదీ మూడేళ్లలోపు చేరాలి. ఇంకో చిత్రం వినండి. దాని డిగ్రీ మార్కులు ఎవరికీ అక్కర్లేదు! అడిగేదల్లా ఎప్పటిదో ఇంటర్ మెమో. డిగ్రీ మూడేళ్లూ, ఉద్యోగం పదేళ్లూ కలిపి పదమూడేళ్లు ఆ దరఖాస్తులో ఎక్కడా కనబడవు. పదిహేడేళ్ల పిల్లతో సమానంగా మొదటి బెంచీలో కూర్చోవాలి.

కూర్చోవడం నామోషీ ఏమీ కాదు. కానీ మైక్రోబయాలజీలో డిగ్రీ చేసిన అమ్మాయి నర్సింగ్‌కి వస్తే మళ్లీ మైక్రోబయాలజీ చదవాలి. సైకాలజీలో ఎమ్మే చేసినావిడ మళ్లీ సైకాలజీ పాఠాలు వినాలి. 2021లో బీఎస్సీ నర్సింగ్ సిలబస్ మార్చి సెమిస్టర్లు, క్రెడిట్లు పెట్టారు. ఇంగ్లీషు, సోషియాలజీ, సైకాలజీ, మైక్రోబయాలజీ, పోషకాహారం అన్నీ అందులో విడివిడి సబ్జెక్టులే. ఇదివరకే వాటిలో ప్యాసైన వాళ్లకి ఆ క్రెడిట్లు ఎందుకు ఇవ్వకూడదు? జీఎన్ఎం వాళ్లకి రెండేళ్లలో డిగ్రీ ఇస్తున్నామంటే, పాత చదువుని లెక్కలోకి తీసుకోవచ్చునని ఒప్పుకున్నట్టేగా!

అమెరికాలో ఎలా కుదిరింది?

అక్కడ వేరే డిగ్రీ ఉన్నవాళ్ల కోసం ఇలాంటి కోర్సు 1971లోనే సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. పదకొండు నెలలనుంచి పద్ధెనిమిది నెలల్లో పూర్తి చేయిస్తారు. వినడానికి తేలిగ్గా ఉంది కదా? పై వాటా అమ్మాయితో ఫోన్లో మాట్లాడాక తెలిసింది అసలు సంగతి. చేరకముందే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ లాంటివి చదివి మార్కులు చూపించాలి. తనకి దానికే ఏడాది పైన పట్టిందట. ఫీజు గుండె గుభేలుమనేంత. సెలవులుండవు, ఉద్యోగం చేస్తూ చదవడం దాదాపు అసాధ్యం.

అన్నిటికన్నా ముఖ్యం, వార్డులో చేసే ప్రాక్టికల్స్ గంటలు తగ్గించరు. మామూలు కోర్సు వాళ్లు ఎన్ని గంటలు చేస్తారో వీళ్లూ అన్నీ చేయాలి. చివర లైసెన్సు పరీక్షా ఒకటే. అంటే వాళ్లు తగ్గించింది పాఠాన్ని రెండోసారి చెప్పడాన్నే. రోగి మంచం పక్కన నేర్చుకోవాల్సిన దాన్ని కాదు. మన అమీర్‌పేట బోర్డుకీ దానికీ తేడా అక్కడే ఉంది.

ఇది మన ఆలోచనే!

"అమెరికా వాళ్లవన్నీ మనకెందుకు?" అంటారేమో. అలా అనకండి. పెద్ద వయసు ఆడవాళ్లకి తక్కువ కాలంలో చదువు చెప్పి నర్సుల్ని తయారుచేయాలన్న ఆలోచన అమెరికా కన్నా ముందే ఒక తెలుగావిడకి వచ్చింది. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్.

రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి బడి మధ్యలో మానేసి, జైళ్లకి వెళ్లి, పెద్దయ్యాక ప్రైవేటుగా మెట్రిక్ కట్టి, డిగ్రీ చేసి, 1942లో లా పట్టా పుచ్చుకున్నారు. ఆగిపోయిన చదువంటే ఏమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో పనిచేయడానికి నర్సులు, మంత్రసానులు, బాలసేవికలు కావాలి. ఆ శిక్షణలో చేరాలంటే చదువుండాలి. చదువుకున్న ఆడవాళ్లు దొరకరు. మరేం చేయాలి? చదువు మధ్యలో ఆగిన పెద్ద వయసు ఆడవాళ్లని రెండేళ్లలో పరీక్షకి తయారుచేద్దామన్నారు. అలా 1958లో బోర్డు తరఫున కండెన్స్‌డ్ కోర్సులు మొదలయ్యాయి. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, పిల్లల తల్లులు ఆ దారిలో మళ్లీ పుస్తకం పట్టారు.

గమనించండి, ఆమె శిక్షణని తగ్గించలేదు. శిక్షణ గుమ్మందాకా వచ్చే దారిని దగ్గర చేశారు. అప్పటి ఆడవాళ్లకి మెట్రిక్ అడ్డం. ఇప్పటి ఆడవాళ్లకి డిగ్రీ ఉంది, అడ్డం నిబంధన. నర్సులందరికీ గురువైన ఫ్లారెన్స్ నైటింగేల్ 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణకి వెళ్లేసరికి ఆమెకి 31 ఏళ్లు. మన లెక్క ప్రకారం ఆవిడకీ నాలుగేళ్లే గడువుండేది!

అవసరం లేదా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో 58 లక్షల మంది నర్సుల కొరత ఉంది. మన దగ్గర చూస్తే, 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో ఒక్కరోజే 6,956 మందికి స్టాఫ్ నర్సు నియామక పత్రాలిచ్చారు. అదే ఏడాది తెలంగాణలో మరో 2,050 పోస్టులకి నోటిఫికేషన్ వచ్చింది. దానికి వయోపరిమితి 46 ఏళ్లు. విచిత్రం కాదూ? 46 ఏళ్లదాకా ఉద్యోగం ఇవ్వడానికి సిద్ధం, 36వ ఏట చదువు చెప్పడానికి మాత్రం కాదు.

జీతాల సంగతీ దాచిపెట్టకూడదు. సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ 2016లో ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాలపై సిఫార్సులు చేసింది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలి. 50 పడకలకన్నా తక్కువున్న చోటైనా నెలకి 20 వేలకి తగ్గకూడదు. కానీ ఈ సిఫార్సు కాగితం మీదే మిగిలిపోయిన ఆసుపత్రులు ఎన్నో. "మూడేళ్లు జీతం వదులుకుని చదివాక చేతికొచ్చేది ఇప్పటి జీతం కన్నా తక్కువైతే?" అని మా పిల్ల అడిగితే నా దగ్గర జవాబు లేదు. దారి దగ్గర చేసినంత మాత్రాన చాలదు. చివర అన్నం పెట్టేలా ఉండాలి.

2023 ఆగస్టులో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో తెచ్చిన చట్టమిది. చదువుకీ ప్రవేశాలకీ ప్రమాణాలు రాసే పని కమిషన్‌కి అప్పగించారు. కాబట్టి మహిళా సంఘాలు, నర్సుల సంఘాలు అడగడానికి ఇదే సమయం. డిగ్రీ ఉన్నవాళ్లకి చదివిన సబ్జెక్టుల క్రెడిట్లివ్వండి. వార్డు గంటలు ఒక్కటీ తగ్గించొద్దు. వయసు గీతని సడలించండి. పిల్లల తల్లులకి హాస్టల్ నిర్బంధం పెట్టకండి. ఇవేమీ గొంతెమ్మ కోరికలు కావు.

అంతదాకా ఏం చేయాలి?

ఇంటర్‌లో బయాలజీ లేనివాళ్లు బీఎస్సీయే కావాలనుకుంటే, ఓపెన్ స్కూల్లో సైన్సు సబ్జెక్టులు, ఇంగ్లీషుతో ఇంటర్ స్థాయి పరీక్ష ప్యాసైనా కౌన్సిల్ ఒప్పుకుంటుంది. వయసు దగ్గరపడుతున్న వాళ్లు వయసు లెక్క ముందు చూసుకోండి. ఏఎన్ఎం ఇప్పటికే చేసినవాళ్లకి జీఎన్ఎంలో చేరడానికి కౌన్సిల్ నిబంధనల్లో వయసు అడ్డం లేదు. ఈ సంగతి తెలియక ఊరుకున్నవాళ్లు ఎందరో. కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఈ ఏటికి ఉందా, ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో, అక్కడ ఎన్ని పడకలు, హాస్టల్లో ఉండి తీరాలా అన్నవి ఫీజు కట్టకముందే అడగండి. డబ్బు కట్టాక అడిగితే జవాబు మారుతుంది.

మా పిల్ల మాత్రం బీకాం బుర్ర పోనిచ్చుకోలేదు. ఒక నోటుబుక్కులో మూడేళ్ల ఫీజు, పోయే జీతం, బాబు బడి ఖర్చు అన్నీ గీతలు గీసి రాసింది. ఈ ఏడు చేరితే ముప్ఫై అయిదుకి పూర్తవుతుంది. వాళ్లత్తగారు "ఈ వయసులో పక్కలు సర్దే పనా!" అని రెండ్రోజులు ముభావంగా ఉన్నారు. మూడోరోజు ఆవిడే "బాబుని బడికి నేను దింపుతాలే. నాకు మంచాన పడితే చూసేవాళ్లుండాలిగా" అన్నారట. అల్లుడు బ్యాంకులో అప్పు సంగతి కనుక్కుంటున్నాడు.

ఇంటర్ మెమో కోసం పాత పెట్టెలన్నీ వెతికించింది. చివరికి దాని పెళ్లి ఆల్బంలో దొరికింది. డిగ్రీ పట్టా మాత్రం హాల్లో గోడకి అద్దం కట్టించి ఉంది. "దాన్ని కూడా దరఖాస్తుకి జత చేయనా అత్తా? అడగకపోయినా?" అంది.

చేయమన్నాను. ఒకరన్నా చూస్తారేమో.