రిఫండ్ వచ్చిందోచ్! మరి మిగతాది?

2025 జూలైలో జహీరాబాద్‌లో మా ఇంటికి అమెరికా ట్రెజరీ నుంచి ఓ కవరొచ్చింది. లోపల 1,140 డాలర్ల చెక్కు. 2024కి నా జీతంలోంచి ఎక్కువగా కోసిన ఫెడరల్ ఇన్‌కం టాక్స్ అన్నమాట. సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది. పక్కింటి మామ వచ్చి, "అమెరికోళ్ళు ఎంత నీతిమంతులో చూడు బిడ్డా, నువ్వు కొలువు ఇడిచిపెట్టి వచ్చినా ఎతుక్కుంట పైసలు పంపిన్రు" అన్నాడు. మా అమ్మయితే ఆ చెక్కుని దేవుడి పటం ముందు పెట్టింది.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎందుకో చెప్తాను.

కిరాణా కొట్లో ఐదొందల నోటిచ్చి నాలుగొందల సామాను కొంటే వంద చిల్లర ఇస్తాడు. అందుకు శెట్టిగారికి దండం పెడతామా? ఇదీ అంతే. జీతం ఇచ్చినప్పుడల్లా అంచనాకి కోస్తారు, ఏడాది పోయాక లెక్క చూసి మిగిలింది ఇస్తారు. ఈలోగా మన డబ్బు వాళ్ళ దగ్గర ఉన్నందుకు వడ్డీ కూడా ఉండదు. దీనికి మనం పార్టీలు చేసుకుంటాం. "నీకెంతొచ్చింది? నాకు మూడు వేలొచ్చింది" అని పోటీలు పడతాం. ఏటా ఫైలింగ్ సీజన్‌లో హైదరాబాద్ నుంచి ఫోన్లు చేసి "మాక్సిమం రిఫండ్ ఇప్పిస్తాం సార్" అనే వాళ్ళ మాట నమ్మి, ఇవ్వని విరాళాలు కూడా రాయించుకునే మహానుభావులు ఉన్నారు. రేపు ఆడిట్ వస్తే సంతకం ఎవరిదో వాళ్ళకే తగులుకుంటుంది, ఫోన్ చేసినవాడికి కాదు.

సరే, చిల్లర సంగతి అలా ఉంచండి. అసలు నోటు సంగతి చూద్దాం.

నేను హెచ్1బి మీద 2022 నుంచి 2024 దాకా మూడేళ్ళు పనిచేశాను. జీతం ఏడాదికి 84,000 డాలర్లు. ఇన్‌కం టాక్స్ కాకుండా సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కి 1.45 శాతం కోశారు. అంటే ఏడాదికి 6,426 డాలర్లు, మూడేళ్ళకి 19,278. కంపెనీ కూడా నా పేరు మీద అంతే కట్టింది. ఇందులో నాకు తిరిగి వచ్చేది? గుండు సున్నా.

ఎందుకంటే అక్కడ పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు ఉండాలి. ఏడాదికి నాలుగుకి మించి రావు. అంటే పదేళ్ళు పనిచేయాలి. హెచ్1బి మామూలుగా ఆరేళ్ళే. గ్రీన్ కార్డు క్యూలో నిలబడి పొడిగింపులు తెచ్చుకున్నవాళ్ళని వదిలేస్తే, మిగతావాళ్ళం ఎంత కష్టపడ్డా 24 దాటం. పదేళ్ళు ఉంటేనే పెన్షన్ అంటారు, ఆరేళ్ళకి పొమ్మంటారు. బాగుంది కదూ!

"వాళ్ళ రోడ్ల మీద తిరిగావు, కట్టొద్దా?" అని ఒక మిత్రుడి వాదన. అయ్యా, రోడ్లకి ఇన్‌కం టాక్స్ కట్టాను, దాన్ని నేను అడగట్లేదు. ఇది పెన్షన్ పేరు చెప్పి తీసుకున్న డబ్బు. "జీతం అన్ని రెట్లు ఎక్కువిచ్చారుగా" అని ఇంకొకరు. ఇచ్చారు, పని చేయించుకునే ఇచ్చారు.

దీనికి మందు లేదా అంటే ఉంది. దాని పేరు టోటలైజేషన్ ఒప్పందం. కంపెనీ కొన్నాళ్ళకి పంపిన ఉద్యోగి స్వదేశంలోనే కడతాడు, అక్కడ కట్టక్కర్లేదు. అక్కడే కట్టినవాడికి రెండు దేశాల సర్వీసూ కలిపి లెక్కేస్తారు. అప్పుడు అమెరికాలో 6 క్రెడిట్లున్నా దామాషాగా పెన్షన్ వస్తుంది. నావి పన్నెండు! అమెరికాకి దాదాపు 30 దేశాలతో ఇలాంటి ఒప్పందాలున్నాయి. మనకీ బెల్జియంతో 2009 నుంచి, జపాన్‌తో 2016 నుంచి ఉన్నాయి. 2025లో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం కుదిరినప్పుడు ఈ రెండుచోట్ల కట్టే బాధ గురించి కూడా ఒక మాటకొచ్చారు. అమెరికాతోనే లేదు. మనవాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. మీ దేశంలో అందరికీ వర్తించే పెన్షన్ వ్యవస్థ లేదు, మా చట్టం ఒప్పుకోదు అని వాళ్ళ జవాబు.

మనమేమన్నా తక్కువ తిన్నామా? అమెరికన్ ఇక్కడికొచ్చి ఉద్యోగం చేస్తే మనమూ పీఎఫ్ కోస్తాం. 2008 నుంచి ఆ నిబంధన ఉంది, కోర్టుల్లో దానిమీద గొడవా నడిచింది. కానీ 58 నిండాక వాడి డబ్బు వడ్డీతో సహా వాడికిస్తాం. తేడా అక్కడుంది.

మరి ఇది మనమెందుకు అడగం? తెలుగు మహాసభలకి ఇక్కడి నుంచి మంత్రులు, ఎమ్మెల్యేలు వస్తారు. శాలువాలు, ఫొటోలు, పాటలు. ఆ వేదిక మీద ఈ మాట ఎవరైనా ఎత్తగా నేను వినలేదు. నేనూ ఎత్తలేదు, ఫొటోల్లో ఉన్నాను.

కనీసం రావాల్సినవైనా వదులుకోకండి. ఎఫ్1 మీద ఉన్నవాళ్ళకి, ఓపీటీలో ఉన్నా సరే, మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఈ రెండు కోతలూ ఉండకూడదు. పొరపాటున కోస్తే ముందు కంపెనీని అడగండి. ఇవ్వకపోతే ఫారం 843, దానికి జతగా 8316. మామూలుగా మూడేళ్ళ గడువు, అది దాటితే అంతే సంగతులు. ఇంకోటి, తిరిగొచ్చేసేవాళ్ళు అక్కడి బ్యాంకు ఖాతా తొందరపడి మూసేయకండి. 2025 సెప్టెంబర్ 30 నుంచి ఐఆర్ఎస్ కాగితం చెక్కులు తగ్గించేస్తోంది. నా చెక్కు ఇక్కడి బ్యాంకులో వేస్తే డబ్బు పడటానికి ఏడు వారాలు పట్టింది.

చెక్కు వచ్చిన రాత్రి మా నాయినకి ఈ లెక్కంతా చెప్పాను. ఆయన చెరకు రైతు. అంతా విని ఒకటే అన్నాడు. "మేము తూకమేసిన చెరకుకు బిల్లు రాకుంటే పోయి గేటుకాడ కూసుంటం. ఇంత సదువుకున్నోళ్ళు, మీరెందుకు కూసోరు?"

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుందా?